సర్వర్ ఎందుకు పడిపోయిందో చెప్పగలరా?

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో విమానయాన సంస్థల బుకింగ్, చెక్-ఇన్ వ్యవస్థలు స్తంభించాయి. సిబ్బంది పెన్నూ కాగితం అందుకున్నారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజంతా ఫోన్లలో చక్కర్లు కొట్టింది. దేశంలో ఒక్క ఇండిగో సంస్థే దాదాపు 200 విమానాలు రద్దు చేసింది. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రిగా బాధ్యతలు తీసుకుని అప్పటికి నెలన్నర కూడా కాలేదు. మర్నాడు తెల్లవారుజామున 3 గంటల నుంచి వ్యవస్థలు మామూలుగా పనిచేస్తున్నాయని ఆయన ప్రకటించేదాకా ప్రయాణికులకు ఊపిరాడలేదు.

ఇది సైబర్ దాడి కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు వల్ల ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. వాటి సంఖ్య 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ప్రతి యంత్రంలోనూ పడిపోయింది ఒకటే: కెర్నల్.

కంప్యూటర్‌లో మెమరీని పంచేదీ, ప్రాసెసర్ సమయాన్ని కేటాయించేదీ, డిస్కుతోనూ నెట్‌వర్క్‌తోనూ మాట్లాడేదీ ఈ కెర్నలే. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే కెర్నల్ దాన్ని ఆపేసి తన పని తాను చేసుకుపోతుంది. తప్పు కెర్నల్ లోపలే జరిగితే సరిదిద్దడానికి దాని పైన ఎవరూ లేరు. డేటా పాడయ్యే ప్రమాదం ఉంది కనుక యంత్రమే ఆగిపోతుంది. విండోస్‌లో దాన్ని నీలి తెర అంటారు, లైనక్స్‌లో కెర్నల్ ప్యానిక్ అంటారు.

ఆగిన యంత్రాన్ని మళ్లీ ఆన్ చేయడం ఎవరికైనా వచ్చు. ఎందుకు ఆగిందో ఆధారాలతో చెప్పగలిగేవారు కొద్దిమందే. మన ఉత్తరాంధ్ర కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థుల్లో ఎక్కువమంది వెబ్ డెవలప్‌మెంట్, డేటా సైన్స్ వైపే చూస్తున్నారు. కెర్నల్ క్రాష్‌ల మూలం వెతికే ఈ విద్య గురించి క్లాసులో వినేది తక్కువ. అందుకే దీని గురించి వివరంగా చెప్పుకోవాలి.

78 నిమిషాలు, 18 రోజులు

క్రౌడ్‌స్ట్రైక్ ఉదంతాన్ని ఈ రంగంలోకి రావాలనుకునే ప్రతి విద్యార్థీ చదవాలి. లోపభూయిష్టమైన ఫైలు విడుదలైంది మన సమయం ప్రకారం ఉదయం 9.39కి. 10.57కల్లా సంస్థ దాన్ని వెనక్కి తీసుకుంది. అంటే 78 నిమిషాలు. ఇలాంటివేళ ముందు అడగాల్సిన ప్రశ్న 'ఇప్పుడే ఏం మారింది?' ప్రపంచంలో లక్షల యంత్రాలు ఒకేసారి పడిపోతే వాటన్నిటిలోనూ ఒకేసారి జరిగిన మార్పేదో ఉండి తీరాలి.

అయితే 'ఏ ఫైలు వల్ల' అన్నది సగం జవాబే. 'ఎందువల్ల' అన్నది పూర్తిగా తేలి, మూలకారణ నివేదిక వెలువడింది ఆగస్టు 6న. ఆ నివేదిక చెప్పిన విషయం వినడానికి చాలా చిన్నది. కొత్త ఫైలు 21 వివరాలను సరిచూడాలని అడిగింది. యంత్రంలోని ప్రోగ్రామ్ అందించినవి 20 మాత్రమే. లేని 21వ దాని కోసం ప్రోగ్రామ్ తనకు చెందని మెమరీ చిరునామాలోకి తొంగిచూసింది. అది కెర్నల్‌లో నడిచే డ్రైవర్ కావడంతో యంత్రం మొత్తం ఆగిపోయింది.

ఇంకా లోతుకు వెళ్తే అసలు పాఠం కనిపిస్తుంది. ఈ తేడా ఫిబ్రవరి నుంచే ప్రోగ్రామ్‌లో ఉంది. అంతకుముందు పంపిన ఫైళ్లు 21వ స్థానంలో 'ఏదైనా సరే' అనే గుర్తు వాడటంతో దాన్ని చదవాల్సిన అవసరమే రాలేదు. జులై 19 నాటి ఫైలు మొదటిసారి అక్కడ ఒక నిర్దిష్ట విలువను కోరింది. ఐదు నెలలు నిద్రపోయిన లోపం ఆ క్షణంలో లేచింది. 'నిన్నటిదాకా బాగానే పనిచేసింది కదా' అన్న మాట లోపం లేదనడానికి రుజువు కాదని అప్పుడు ప్రపంచానికి తెలిసొచ్చింది.

కెర్నల్ క్రాష్‌ను విశ్లేషించే ఇంజినీర్ పని ఈ రెండు మెట్లూ ఎక్కడమే. ముందు సేవలు మళ్లీ నిలబడేలా తక్షణ కారణం పట్టుకోవాలి. తరువాత అది మళ్లీ జరగకుండా మూలకారణం తేల్చాలి. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవారు చాలామంది ఉంటారు. రెండో మెట్టు ఎక్కగలవారి కోసం సంస్థలు వెతుక్కుంటాయి.

పడిపోయింది నిజంగా కెర్నలేనా?

సర్వర్ దానంతటది రీస్టార్ట్ అయిందనగానే కెర్నల్ మీద నేరం మోపకూడదు. లక్షణాలు ఒకేలా కనిపించినా కారణాలు వేరుగా ఉంటాయి.

మొదటిది కరెంటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో విద్యుత్ స్తంభాలు వరసగా నేలకూలాయి. ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. ఇలాంటి తీరంలో పనిచేసే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ముందుగా చూడాల్సింది యూపీఎస్ బ్యాటరీ, పవర్ సప్లై, గది ఉష్ణోగ్రత. కరెంటు పోయి ఆగిన యంత్రం లాగ్‌లో చివరి మాటలేవీ ఉండవు. ఒక వాక్యం మధ్యలోనే తెగిపోయినట్టు లాగ్ ఆగి, తరువాతి వరుస కొత్త బూటింగ్‌తో మొదలవుతుంది. ప్యానిక్ అయితే సాధారణంగా మరణ వాంగ్మూలం లాంటి కొన్ని వరుసలు తెరమీదో, సీరియల్ కన్సోల్‌లోనో మిగులుతాయి. పెద్ద సర్వర్లలో ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా పనిచేసే నిర్వహణ చిప్ ఒకటి ఉంటుంది. డెల్ కంపెనీ వాటిలో దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీ సర్వర్లలో ఐలో అంటారు. పవర్ పోయిందా, ఫ్యాన్ ఆగిందా, మెమరీలో పొరపాటు దొర్లిందా అన్నది ఆ చిప్ తన సొంత చిట్టాలో రాసిపెడుతుంది. అనుభవజ్ఞులు ముందు తెరిచేది ఆ చిట్టానే.

రెండోది మెమరీ చాలకపోవడం. లైనక్స్‌లో మెమరీ పూర్తిగా నిండిపోతే కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ను ఎంచి చంపేస్తుంది. చాలాసార్లు బలయ్యేది డేటాబేసే. వాడేవాళ్లకు సర్వర్ పడిపోయినట్టే ఉంటుంది. కెర్నల్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది, తను ఎవరిని చంపిందో లాగ్‌లో పేరుతో సహా రాస్తుంది.

మూడోది బిగుసుకుపోవడం. యంత్రం ఆన్‌లోనే ఉంటుంది, దేనికీ స్పందించదు. ఒక ప్రాసెసర్ కెర్నల్ లోపల ఒకే పనిలో దాదాపు 20 సెకన్లకు మించి ఇరుక్కుపోతే లైనక్స్ 'సాఫ్ట్ లాకప్' అని హెచ్చరిస్తుంది. డిస్కు జవాబు కోసం ఒక ప్రోగ్రామ్ 120 సెకన్లు కదలకుండా ఎదురుచూస్తే 'హంగ్ టాస్క్' అని రాస్తుంది. ఇక్కడ అనుమానించాల్సింది డిస్కునీ, స్టోరేజ్ కేబుళ్లనీ, తాళాల (లాక్‌ల) కోసం ఒకదానికొకటి అడ్డుపడే కెర్నల్ కోడ్‌నీ.

నాలుగోది అసలైన ప్యానిక్. ఈ నాలుగింటినీ విడదీయగలిగితే పని సగం తేలికవుతుంది.

ఆధారం చెరిగిపోకముందే

మన ఆఫీసుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: 'ఏటయ్యిందో తెల్దు గానీ, ఆపీసి మళ్లీ ఆన్ చేస్తే వచ్చీసింది.' పంచనామా చేయకముందే శవాన్ని తరలించడం లాంటిదిది. ఆపి ఆన్ చేసిన క్షణంలో మెమరీలోని ఆధారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. వారం తిరక్కుండా అదే క్రాష్ మళ్లీ వస్తుంది, మళ్లీ ఎవరికీ కారణం తెలియదు.

ఆధారాన్ని కాపాడటానికి లైనక్స్‌లో ఉన్న ఏర్పాటు పేరు కేడంప్. ఇది 2005లో 2.6.13 కెర్నల్‌తో లైనక్స్‌లో చేరింది. ఇందులో భారతీయ ఇంజినీర్ల చేయి ఉందన్న సంగతి మన విద్యార్థులకు తెలియాలి. ఆ ఏడాది కెనడాలోని ఒట్టావా లైనక్స్ సదస్సులో కేడంప్‌ను వివరించిన పత్రాన్ని ఎరిక్ బీడర్‌మన్‌తో కలిసి వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ రాశారు. ఈ పని జరగడంలో ఐబీఎం సంస్థ బెంగళూరు లైనక్స్ బృందానిది ముఖ్య పాత్ర.

కేడంప్ పనిచేసే తీరు ఇదీ. సర్వర్ బూట్ అయ్యేటప్పుడే కొంత మెమరీని పక్కన పెట్టి, అందులో రెండో కెర్నల్‌ను సిద్ధంగా ఉంచుతారు. మొదటి కెర్నల్ ప్యానిక్ కాగానే, యంత్రం పూర్తిగా రీసెట్ కాకుండానే, నియంత్రణ ఈ రెండో కెర్నల్ చేతికి వెళ్తుంది. పడిపోయిన కెర్నల్ మెమరీ ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. రెండో కెర్నల్ దాన్ని ఒక ఫైలుగా డిస్కులో రాసి, ఆ తరువాత సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తుంది. ఇలాంటి ఫైలును డంప్ అంటారు, లైనక్స్‌లో దాని పేరు వీఎంకోర్. రెడ్ హ్యాట్ తరహా లైనక్స్‌లో అది వార్ డైరెక్టరీలోని క్రాష్ ఫోల్డర్‌లో దొరుకుతుంది.

దాన్ని తెరిచి చదివే సాధనం పేరే 'క్రాష్'. డేవ్ ఆండర్సన్ అనే ఇంజినీర్ దీన్ని తీర్చిదిద్ది ఏళ్ల తరబడి నిర్వహించారు. పడిపోయిన క్షణంలో ఏ ప్రోగ్రామ్ నడుస్తోంది, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచింది, ఎంత మెమరీ మిగిలింది, ఏయే డ్రైవర్లు లోడై ఉన్నాయి అన్నవన్నీ ఇందులో అడిగి తెలుసుకోవచ్చు. విండోస్‌లో ఇదే పనికి విన్‌డీబీజీ వాడతారు. క్రౌడ్‌స్ట్రైక్ ఉదంతంలో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు డంప్‌లను విప్పి చూపింది దానితోనే.

కేడంప్ పెట్టడం మరిచిపోతే? సర్వర్ లాగ్‌లను వేరే యంత్రానికి పంపే నెట్‌కన్సోల్, రీబూట్ తరువాతా చెరిగిపోకుండా చివరి వరుసలను దాచే పీస్టోర్, గత బూట్ నాటి జర్నల్ లాగ్ వంటివి కొంత ఆదుకుంటాయి. కొన్ని లైనక్స్ రకాల్లో జర్నల్ లాగ్‌ను మెమరీలో మాత్రమే ఉంచుతారు, రీస్టార్ట్‌తో అదీ పోతుంది. దాన్ని డిస్కులో భద్రపరిచేలా సెట్టింగ్ మార్చడం కొత్త సర్వర్ చేతికి రాగానే చేయాల్సిన పని.

జాడ చదివే విద్య

ప్యానిక్ వరుసలు మొదటిసారి చూసినవారికి అంకెల, అక్షరాల గుట్టలా అనిపిస్తాయి. వాటిని చదవడానికి ఒక క్రమం ఉంది. మొదటి వరుస నేరం ఏమిటో చెబుతుంది: సున్నా చిరునామాను చదవబోయిందా, హార్డ్‌వేర్ ఫిర్యాదు చేసిందా, రూట్ డిస్కు దొరకలేదా? ఆ తరువాత నేరం జరిగినప్పుడు ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో, ఏ ఫంక్షన్‌లో ఏ చోట ఆగిందో ఉంటుంది. దాని కింద ఉండే పిలుపుల వరసను కింది నుంచి పైకి చదివితే కథ అర్థమవుతుంది.

మధ్యలో 'టెయింటెడ్' అనే మాట, దాని పక్కన కొన్ని అక్షరాలు కనిపిస్తాయి. వీటిని చాలామంది దాటేస్తారు. 'ఓ' ఉంటే లైనక్స్ అధికారిక కోడ్‌లో లేని బయటి డ్రైవర్ లోడైందని అర్థం. 'పి' ఉంటే సోర్స్ కోడ్ బయటపెట్టని డ్రైవర్ ఉందని, 'ఎం' ఉంటే ప్రాసెసర్ నుంచి హార్డ్‌వేర్ పొరపాటు నివేదిక వచ్చిందని. అనుమానితుల జాబితాను కుదించడానికి ఈ మూడు అక్షరాలే ఒక్కోసారి చాలు.

అయితే తెరమీద పేరు కనిపించిన ఫంక్షనే దోషి అని తీర్పు చెప్పేయకూడదు. ఒక డ్రైవర్ తనది కాని మెమరీలో రాసి తప్పుకుంటే, పది నిమిషాల తరువాత ఆ మెమరీని నమ్మి వాడుకున్న మరో నిర్దోషి ఫంక్షన్ పడిపోతుంది. పడిన చోటు ఒకటి, తప్పు జరిగిన చోటు మరొకటి. కొత్తవారికీ అనుభవజ్ఞులకూ తేడా తెలిసేది ఇక్కడే.

అందుకే ఒక్క డంప్‌తో ఆగకుండా పలు క్రాష్‌లను పక్కపక్కన పెట్టి చూస్తారు. ప్రతిసారీ ఒకే ఫంక్షన్‌లో పడుతుంటే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి. ప్రతిసారీ సంబంధం లేని కొత్త చోట పడుతుంటే మెమరీ చిప్‌నో ప్రాసెసర్‌నో అనుమానించాలి. ఒకే రకం 20 సర్వర్లలో ఒక్కటే మొండికేస్తే హార్డ్‌వేర్ వైపు, అన్నీ ఒకేసారి పడితే ఉమ్మడిగా జరిగిన మార్పు వైపు వేలు చూపాలి. ఇవి తిరుగులేని సూత్రాలు కావు, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తులు.

హార్డ్‌వేర్ అనుమానం అతిశయోక్తి కాదు. గూగుల్ సర్వర్లలోని మెమరీ మీద ఆ సంస్థ, టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలో దాదాపు మూడో వంతు యంత్రాలు కనీసం ఒక మెమరీ పొరపాటును చూశాయని తేలింది. వాటిలో చాలామటుకు తమంతట తాము సరిదిద్దుకునేవే. సరిదిద్దుకోలేనిది వచ్చినప్పుడు సర్వర్ ఆగిపోతుంది. సరిదిద్దుకున్న పొరపాట్ల చిట్టాను ముందునుంచే గమనించే ఇంజినీర్, చిప్ పూర్తిగా పాడవకముందే మార్పించేస్తాడు.

కాలం కూడా ఒక సాక్షే. ఒకప్పుడు కొన్ని లైనక్స్ సర్వర్లు ఏ గొడవా లేకుండా నడిచి నడిచి 208 రోజుల తరువాత హఠాత్తుగా పడిపోయేవి. రీబూట్ చేస్తే మళ్లీ అన్ని రోజులూ బాగుండేవి. కెర్నల్ తన గడియారాన్ని నానోసెకన్లలో లెక్కించేటప్పుడు జరిగే ఒక గుణకారం, 64 బిట్ల గడి పట్టనంత పెద్దదవడమే కారణం. రెండుకు 54వ ఘాతం నానోసెకన్లను రోజుల్లోకి మారిస్తే సుమారు 208.5 వస్తుంది. ఇంటర్మీడియట్ లెక్కలు వచ్చినవారు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. క్రాష్ అయిన ప్రతి సర్వర్ ఎన్ని రోజులుగా నడుస్తోందో రాసిపెట్టినవారికే ఈ గుట్టు అందింది.

ఏ కెర్నల్ వెర్షన్ దాకా బాగుంది, ఏ వెర్షన్ నుంచి చెడింది అని తెలిస్తే మరో మార్గముంది. గిట్ బైసెక్ట్ అనే సాధనం మధ్యలోని మార్పులను సగానికి సగం కోసుకుంటూ పోతుంది. వెయ్యి మార్పుల్లో దోషిని పట్టడానికి పది పరీక్షలు సరిపోతాయి.

ఖర్చు లేని ప్రయోగశాల

ఈ విద్య నేర్వడానికి సర్వర్ గది అక్కర్లేదు. 8 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అందులో 2 జీబీ మెమరీ ఉన్న వర్చువల్ మెషీన్ తయారు చేసుకుని రాకీ లైనక్స్‌నో, అల్మా లైనక్స్‌నో, ఉబుంటునో ఇన్‌స్టాల్ చేయాలి. అసలు రెడ్ హ్యాట్ లైనక్స్ కావాలంటే డెవలపర్ ఖాతాతో వ్యక్తులు ఉచితంగా వాడుకోవచ్చు.

ఆ తరువాత కేడంప్‌ను ఆన్ చేసి, లైనక్స్‌లో పరీక్షల కోసమే ఉన్న సిస్‌రిక్వెస్ట్ సదుపాయంతో కావాలనే కెర్నల్‌ను పడగొట్టాలి. వీఎంకోర్ పుట్టిందో లేదో చూసుకోవాలి. దాన్ని క్రాష్ సాధనంతో తెరిచి, పడగొట్టింది తామేనని డంప్ నుంచే రుజువు చేయగలగాలి. అది మొదటి పాఠం. ఇక సున్నా చిరునామాను చదివే చిన్న మాడ్యూల్‌ను సీ భాషలో రాసి లోడ్ చేయడం, అంతులేని లూప్‌తో సాఫ్ట్ లాకప్ తెప్పించడం, మెమరీ నింపేసి కెర్నల్ ఎవరిని చంపుతుందో చూడటం వరసగా రావాలి. ఒక్కో రకం క్రాష్ లాగ్‌ను పక్కన రాసుకున్న వివరణతో సహా దాచుకుంటే ఏడాది తిరిగేసరికి సొంత గ్రంథం తయారవుతుంది. ఒక హెచ్చరిక: ఈ ప్రయోగాలు వర్చువల్ మెషీన్‌లోనే. కళాశాల సర్వర్ జోలికి పోకూడదు.

నిజమైన క్రాష్‌లు కూడా అందరి కళ్లముందే ఉన్నాయి. గూగుల్ నడిపే సిజ్‌బాట్ అనే యంత్రాంగం లైనక్స్ కెర్నల్‌ను రాత్రింబవళ్లు పరీక్షిస్తూ, దొరికిన ప్రతి క్రాష్ నివేదికనూ బహిరంగంగా పెడుతుంది. చాలా వాటికి ఆ క్రాష్‌ను మళ్లీ రప్పించే ప్రోగ్రామ్ కూడా జత చేస్తుంది. వాటిలో చిన్నదాన్ని ఎంచుకుని మూలం వెతికి, పంపిన సవరణ ఆమోదం పొందితే ఆ విద్యార్థి పేరు లైనక్స్ చరిత్రలో శాశ్వతంగా నిలుస్తుంది. ఏ ఊరు, ఏ కాలేజీ అని అక్కడ ఎవరూ అడగరు. లైనక్స్ ఫౌండేషన్ నడిపే కెర్నల్ మెంటార్‌షిప్ కార్యక్రమం, అదే సంస్థ ఉచితంగా ఇచ్చే కెర్నల్ డెవలప్‌మెంట్ ప్రాథమిక కోర్సు ఈ దారిలో తోడు నిలుస్తాయి.

పుస్తకాల్లో 'ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్' ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పునాదికి అదే మంచిది. రాబర్ట్ లవ్ రాసిన 'లైనక్స్ కెర్నల్ డెవలప్‌మెంట్' ఆ తరువాతిది. కైవాన్ బిలిమోరియా 2022లో తెచ్చిన 'లైనక్స్ కెర్నల్ డీబగ్గింగ్' నేరుగా ఈ విషయం మీదే రాసింది.

ఎవరికి నప్పుతుంది?

విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీ, అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, రాజాంలోని జీఎంఆర్ఐటీ, చింతలవలసలోని ఎంవీజీఆర్, టెక్కలిలోని ఐతం, జొన్నాడలోని లెండి... శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజినీరింగ్ చదువుకు కొదవ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, సీ ప్రోగ్రామింగ్ కంప్యూటర్ బ్రాంచ్ సిలబస్‌లో ఉన్నవే. పరీక్ష అయ్యాక వాటిని మరిచిపోవడమే అసలు నష్టం. పేజ్ ఫాల్ట్, పాయింటర్, స్టాక్ అనే మూడు భావనలు గట్టిగా పట్టుబడితే క్రాష్ డంప్ చదవడానికి పునాది పడినట్టే.

ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఇక్కడ ఒక మేలు ఉంది. బస్సులు, ఇంటరప్టులు, మెమరీ సరిదిద్దే కోడ్‌ల గురించి వాళ్లు చదివే ఉంటారు. హార్డ్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య దాగిన క్రాష్‌లను పట్టేది అలాంటివారే. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు సర్వర్ హార్డ్‌వేర్ సర్వీస్ ఇంజినీర్‌గా మొదలుపెట్టి, లైనక్స్ నేర్చుకుంటూ ఎదగవచ్చు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవారికి సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ సహజమైన ద్వారం. రెడ్ హ్యాట్ సంస్థ ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్ఏ, ఆ తరువాత ఆర్‌హెచ్‌సీఈ సర్టిఫికెట్లు తొలి ఉద్యోగానికి తలుపు తట్టడంలో ఉపయోగపడతాయి. ఆ పరీక్షలు ప్రశ్నపత్రంతో జరగవు. కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి.

ఇంగ్లిష్ భయం ఉన్నవారికి ఒక మాట. లాగ్‌లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి నిజమే, కానీ వాటిలోని పదాలు వందల్లో మాత్రమే. పదేపదే చదివితే అలవాటైపోతాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇది అడ్డంకి కాకూడదు.

కొలువులు ఎక్కడ?

ఈ పని 'కెర్నల్ క్రాష్ విశ్లేషకుడు' అనే పేరుతో ప్రకటనల్లో కనిపించదు. లైనక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, టెక్నికల్ సపోర్ట్ ఇంజినీర్, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్, డివైస్ డ్రైవర్ ఇంజినీర్, ఎస్కలేషన్ ఇంజినీర్ అనే పేర్ల కింద వెతకాలి. బెంగళూరు, పుణెల్లో రెడ్ హ్యాట్, బెంగళూరులో సూసే, హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్, ఒరాకిల్, ఏఎండీ, క్వాల్‌కామ్, ఎన్విడియా వంటి సంస్థలకు కార్యాలయాలున్నాయి. చిప్ తయారుచేసే సంస్థలకు డ్రైవర్లు రాసేవారితో పాటు అవి పడిపోతే విప్పి చూసేవారూ కావాలి. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు జాబితా నుంచి లైనక్స్ మీదే నడుస్తున్నాయంటే ఈ నైపుణ్యం ఎంత దూరం పనికొస్తుందో ఊహించవచ్చు.

ఇక మన గుమ్మం ముందుకు వస్తున్న అవకాశం విశాఖ. 2025 అక్టోబరు 14న గూగుల్ అక్కడ కృత్రిమ మేధ కేంద్రం కోసం ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. విజయనగరం నుంచి విశాఖ రోజూ రైలెక్కి వెళ్లొచ్చే దూరం. తరాలుగా వలసలు చూసిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అయితే డేటా సెంటర్ కట్టినంత మాత్రాన పక్క జిల్లా పిల్లలకు ఉద్యోగాలు వాటంతటవే రావు. అక్కడి సర్వర్‌కు ఏమైందో చెప్పగలిగినవారికే ఆ గేటు తెరుచుకుంటుంది.

కష్టనష్టాలూ చెప్పుకోవాలి. సర్వర్లు వేళ చూసుకుని పడిపోవు. రాత్రి షిఫ్టులు, పండగ రోజు ఫోన్ కాల్స్ ఈ వృత్తిలో భాగం. ఒక్కోసారి వారం రోజులు వెతికినా కారణం దొరకదు. ఓపిక లేనివారికి ఇది సరిపడదు.

ఇంటర్వ్యూలో అడిగేది

'ఒక సర్వర్ నిన్న రాత్రి దానంతటదే రీబూట్ అయింది. ముందు ఏం చూస్తారు?' ఈ రంగం ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్న ఎదురవుతుంది. ఇక్కడ ఒకే సరైన జవాబు లేదు, ఆలోచనా క్రమం కావాలి. కరెంటూ హార్డ్‌వేర్ చిట్టా, గత బూట్ లాగ్, వీఎంకోర్ ఉందో లేదో, ఇటీవల ఏం మార్చారు, ఇలాంటివే మిగతా సర్వర్లు ఎలా ఉన్నాయి, ఇది మొదటిసారా అని వరసగా చెప్పగలిగిన అభ్యర్థి మిగిలినవారికంటే ముందుంటాడు. కనుక్కున్నదాన్ని రాయడం కూడా నేర్వాలి. ఏం జరిగింది, ఎప్పుడు, ఆధారం ఏమిటి, కారణం ఏమిటి, ఏం చేయాలి అని ఒక పేజీలో తేల్చాలి. కళ్లారా చూసినదేదో, ఊహించినదేదో విడివిడిగా రాయాలి. క్రౌడ్‌స్ట్రైక్ నివేదికను నమూనాగా తీసుకుని అలాంటి ఒక పేజీని సొంత మాటల్లో రాసి చూసుకుంటే మంచి అభ్యాసం అవుతుంది.

డిగ్రీ ఆఖరి ఏడాది దాకా ఆగకుండా రెండో ఏడాదిలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ మొదలైనప్పుడే వర్చువల్ మెషీన్‌లో కేడంప్ పెట్టండి. ఒక కెర్నల్‌ను పడగొట్టి, కారణం డంప్ నుంచి చదివి, ఆ పేజీ రాసి మీ అధ్యాపకుడికి చూపించండి. ప్లేస్‌మెంట్ రోజుల్లో రెజ్యూమెతో పాటు అలాంటి పది పేజీలు మీ చేతిలో ఉండాలి.